నీలి కోటు కింద అసలు కుందేలు: బియాట్రిక్స్ పాటర్ జీవితం

(తెరపై: మిద్దె మీద పరచిన చాప, దాని నిండా పిల్లలు గీసిన కుందేళ్లు)

నమస్కారం. తిరుపతిలో మా మిద్దె మీదికి ఆదివారాలు బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలను చొక్కా తొడుక్కున్న కుందేలును గీయమంటే, చాలామంది మనిషిని గీసి తలకు రెండు పొడుగు చెవులు అతికిస్తారు. వెనక కాళ్ల వంపు మాయమవుతుంది, తోక సంగతి ఎవరికీ గుర్తుండదు. అప్పుడు నేను వాళ్ల ముందు పెట్టేది ఇంగ్లండుకు చెందిన పిల్లల రచయిత్రి, చిత్రకారిణి బియాట్రిక్స్ పాటర్ బొమ్మలను. ఆమె కుందేలుకు నీలి కోటు తొడిగారు గాని, కోటు లోపల కుందేలును కుందేలుగానే ఉంచారు.

పాటర్ 1866 జూలై 28న లండన్‌లోని ఒక సంపన్న కుటుంబంలో పుట్టారు. ఆమెను బడికి పంపలేదు. పంతులమ్మలే ఇంటికి వచ్చి చదువు చెప్పేవారు. ఆమెకూ తమ్ముడు బెర్ట్రమ్‌కూ కుందేళ్లు, ఎలుకలు, కప్పలే స్నేహితులు. ఈ అక్కాతమ్ముళ్లు చచ్చిన జంతువును పారేయకుండా ఉడకబెట్టి, ఎముకలు వేరు చేసి, అస్థిపంజరాన్ని తిరిగి కూర్చి చూసేవారు. వినడానికి కడుపులో తిప్పినట్టున్నా, ఆమె గీతలోని పట్టు అక్కడిదేనని నా నమ్మకం.

వానలు పడ్డాక పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులను మనం కూరకు ఏరుకుంటాం. పాటర్ వాటిని కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, నీటిరంగులతో వందలాది చిత్రాలు వేశారు. వాటికి విత్తనాల్లా పనిచేసే సిద్ధబీజాలు (స్పోర్లు) మొలకెత్తే తీరుపై ఆమె రాసిన పరిశోధన పత్రాన్ని 1897లో లండన్‌లోని ప్రకృతిశాస్త్రవేత్తల సంఘం లిన్నియన్ సొసైటీకి సమర్పించినప్పుడు, ఆ సభలో ఆడవాళ్లకు ప్రవేశం లేనందున ఆమె అక్కడ లేరు.

(తెరపై: చేతిరాత ఉత్తరం, పంక్తుల మధ్య చిన్న కుందేళ్లు)

ఆ నీలి కోటు కుందేలు పుస్తకం కథ ఒక ఉత్తరంతో మొదలైంది. తనకు చదువు చెప్పిన పంతులమ్మ కొడుకు నోయెల్ జబ్బుపడితే, 1893 సెప్టెంబరు 4న స్కాట్లండ్ నుంచి పాటర్ ఆ ఐదేళ్ల పిల్లవాడికి పీటర్ అనే కుందేలు కథను బొమ్మలతో సహా రాసి పంపారు. కొన్నేళ్ల తరువాత ఆ ఉత్తరాన్నే తిరిగి అడిగి తీసుకుని పుస్తకంగా పెంచారు. ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు కాదన్నారు. పసిచేతుల్లో ఇమిడేంత చిన్నదిగా, చవగ్గా ఉండాలన్న పట్టు విడవకుండా ఆమె 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చువేయించుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల బొమ్మలతో అదే పుస్తకాన్ని వెలువరించింది.

ఇందులో ఒక పుట దగ్గర పిల్లలను కాసేపు ఆపుతాను. తోట యజమాని తరుముతుంటే పీటర్ బూట్లు ఒకటి క్యాబేజీల మధ్య, మరొకటి బంగాళదుంప మొక్కల మధ్య జారిపోతాయి. అంతవరకు రెండు కాళ్ల మీద నడిచిన పీటర్ ఇక నాలుగు కాళ్ల మీద పరుగెత్తుతాడు, వేగమూ పెరుగుతుంది. బట్టలు ఊడేకొద్దీ మనిషి పోకడ వదిలి జంతువు బయటపడుతుంది. ఈ మార్పును బొమ్మ చూపుతుంది గనుక మాట క్లుప్తంగా ఆగిపోతుంది.

గోవిందరాజస్వామి గుడి దగ్గరి అంగళ్లలో చెక్కబొమ్మను కొంటే, దాన్ని చెక్కినవారి పేరు ఎక్కడా కనిపించదు. పాటర్ మాత్రం 1903లోనే పీటర్ ఆటబొమ్మను తన పేరిట నమోదు చేయించుకున్నారు. అయితే అమెరికాలో పుస్తకానికి హక్కులు నమోదు కాకపోవడంతో అక్కడ దొంగ ముద్రణలు సాగాయి.

1905 ఆమెకు కష్టకాలం. వార్న్ కుటుంబానికి చెందిన నార్మన్‌తో పెళ్లి నిశ్చయమైన నెలలోపే ఆయన మరణించారు. ఆ ఏడాదే ఆమె ఇంగ్లండు వాయవ్యాన కొండలు, సరస్సులు నిండిన లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ అనే పొలం కొన్నారు. అక్కడి ఇల్లు, తోట తరువాతి పుస్తకాల్లోకి వచ్చాయి. 1913లో న్యాయవాది విలియం హీలిస్‌ను పెళ్లాడిన తరువాత కుంచె కన్నా గొర్రెల మీదే ధ్యాస పెరిగింది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పుంగనూరు ఆవు ఎలాగో, ఆ కొండలకు హెర్డ్‌విక్ గొర్రె అలాగ. 1943 డిసెంబరు 22న మరణించేనాటికి ఆమెకున్న 4,000 ఎకరాలకు పైగా భూమి, ప్రకృతిని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు చెందింది. ఆ కొండ పొలాల్లో హెర్డ్‌విక్ మందలనే మేపాలని ఆమె ముందే కోరి ఉన్నారు.