మేష్టారి ల్యాప్‌టాప్‌లో బాలూ ఎందుకు క్రాష్ అయ్యేది

అందరికీ నమస్కారమండి. రావులపాలెం నుంచి, రాజోలు నుంచి, అటు ముమ్మిడివరం నుంచి కూడా బస్సెక్కి ఈ అమలాపురం దాకా వచ్చినవాళ్ళున్నారు. చాలామంది చేతిలో పాత ల్యాప్‌టాప్, అందులో లినక్స్. మీలో పలువురు నన్ను ఫోన్లో అడిగింది ఒక్కటే. "బాలూ ఆగిపోయిందని మాటిమాటికీ మెసేజ్ వస్తోంది, దాన్ని తీసిపారెయ్యడం ఎలాగండీ?" అని. తీసెయ్యొద్దని చెప్పడానికే వచ్చాను.

బాలూ అంటే లినక్స్‌లో వాడే కేడీఈ అనే డెస్క్‌టాప్‌లో మనకి కనపడకుండా వెనకాల పనిచేసే ప్రోగ్రాము. మన ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి ఏ మాట ఏ ఫైల్లో ఉందో రాసిపెట్టుకుంటుంది. 2014లో కేడీఈ 4.13తో, నెపోముక్ అనే పాత ప్రోగ్రాము స్థానంలో వచ్చింది. గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఇదే పని ట్రాకర్ చేసేది, 2024లో దానికి లోకల్‌సెర్చ్ అని పేరు మార్చారు.

మా ఊళ్ళో ఒక తెలుగు మేష్టారున్నారు. రిటైరై చాలాకాలమైంది. జీవితమంతా రాసుకున్న వ్యాసాలు, స్కాన్ చేసిన పాత పత్రికలు అన్నీ ఒక్క ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నారు. కిందటి వానాకాలంలో కబురంపారు. "ఒరే అబ్బాయ్, మెషిన్ తెరిస్తే చాలు, ఏదో ఆగిపోయిందంటోంది. నొక్కకూడనిదేమన్నా నొక్కానా?" అన్నారు. మీ తప్పేం లేదు మేష్టారూ అని పక్కన కూర్చున్నాను.

శివారు చేలకి నీళ్ళు అందకపోతే కాలవ చూసుకునే లస్కరు ఏం చేస్తాడండీ? ధవళేశ్వరం వెళ్ళి బ్యారేజీ గేట్లు దించమనడు కదా. గట్టు వెంబడి నడుచుకుంటూ ఒక్కో తూమూ చూసుకుంటూ పోతాడు. ఎక్కడో ఒకచోట గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుంది. మనం చెయ్యాల్సిందీ ఆ నడకే.

ముందు, కూలింది ఎవరో చూడాలి. బాలూలో రెండు ప్రాసెస్‌లున్నాయి. బాలూ ఫైల్ అనేది ఏ ఫైలు కొత్తగా వచ్చింది, ఏది మారింది అని కాపలా కాస్తుంది. బాలూ ఫైల్ ఎక్స్‌ట్రాక్టర్ ఫైలు తెరిచి లోపలి మాటలు తీస్తుంది. పాడైన ఫైలు తగిలి ఎక్స్‌ట్రాక్టర్ కూలినా కాపలావాడు నిలబడే ఉండాలని వాటిని విడగొట్టారు. టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్ అని కొడితే ఎవరు, ఎప్పుడు, ఏ సిగ్నల్‌తో, అంటే ఏ కారణం నంబరుతో పోయారో వరసగా వస్తుంది. సిగ్నల్ 11 అంటే ప్రోగ్రాము తనది కాని మెమరీ మీద చెయ్యి వేసి కూలిందని. జర్నల్లో, అంటే సిస్టమ్ రాసుకునే చిట్టాలో, సిగ్నల్ 9 కనిపిస్తే అది క్రాష్ కాదు, బయటినుంచి చంపారు. తక్కువ ర్యామ్ ఉన్న మెషిన్లలో మెమరీ చాలక లినక్స్ గుండెకాయైన కెర్నెలే ఆ పని చేస్తుంది.

మేష్టారి మెషిన్లో వరసంతా ఎక్స్‌ట్రాక్టరే, అన్నీ 11. ఇక్కడ నాకు ముచ్చటేసిన సంగతి ఒకటుంది. ఎక్స్‌ట్రాక్టర్‌కి ఫైళ్ళు గుంపుగా ఇస్తారు. కూలిందా, బాలూ ఆ గుంపుని సగం చేసి మళ్ళీ ఇస్తుంది. మళ్ళీ కూలితే ఇంకో సగం. అలా తగ్గించుకుంటూ ఒక్క ఫైలు మిగిలేదాకా వచ్చి, దోషి ఇదేనని గుర్తు పెట్టి పక్కన పెట్టేస్తుంది. అంటే రోగం తనే కుదుర్చుకుంటోందన్నమాట. కానీ రెండో మెసేజ్ వచ్చేసరికే మేష్టారు భయపడి రీస్టార్ట్ చేసేవారు. పాపం, బాలూ మళ్ళీ మొదటి గుంపు నుంచే ఎత్తుకునేది!

ఒక కిటికీలో బాలూసీటీఎల్ మానిటర్ అనే కమాండు నడిపాను. మీది కేడీఈ వాళ్ళ కొత్త డెస్క్‌టాప్ ప్లాస్మా 6 అయితే బాలూసీటీఎల్ తర్వాత 6 చేర్చండి. అది ఇప్పుడు ఏ ఫైలు మీద ఉందో చెబుతూ పోతుంది. ఇంకో కిటికీలో జర్నల్ పెట్టాను. కూలిన ప్రతిసారీ మానిటర్‌లో ఆఖరున ఉన్న పేరు ఒక్కటే: సగంలో డౌన్‌లోడ్ ఆగిపోయిన పంచాంగం పీడీఎఫ్.

అక్కడితో ఆగకూడదు. బాలూ పీడీఎఫ్‌లు సొంతంగా చదవదు, పాప్లర్ అనే లైబ్రరీ చేత చదివిస్తుంది. అదే పాప్లర్ వాళ్ళ పీడీఎఫ్‌టుటెక్స్ట్ అనే చిన్న ప్రోగ్రాముకి ఆ పంచాంగం ఇచ్చి చూశాను. అదీ కూలింది. అంటే ఇన్నాళ్ళూ మనం తిట్టిన బాలూది తప్పే కాదు. పాప్లర్ అప్‌డేట్ చేశాక రెండూ నిలబడ్డాయి. అప్‌డేట్‌తో పోకపోతే రిపోర్టు రాయాలి, అదీ పాప్లర్ వాళ్ళకే. రిపోర్టులో బ్యాక్‌ట్రేస్ మాత్రమే, అంటే ప్రోగ్రాము ఏ దారిన వచ్చి కూలిందో చెప్పే జాబితా మాత్రమే పెట్టండి. కోర్ డంప్ ఫైలు ఎవరికీ ఇవ్వొద్దు. కూలిన క్షణంలో ఆ ప్రోగ్రాము మెమరీలో ఏముందో అందులో ఉంటుంది, అది మీ పొలం పాస్‌బుక్ స్కానే కావచ్చు.

కాపలా కాసే బాలూ ఫైలే కూలుతుంటే ఇండెక్స్, అంటే బాలూ రాసిపెట్టుకున్న ఆ మాటల సూచిక, పాడైందేమో అనుమానించండి. బాలూసీటీఎల్ పర్జ్ అంటే పాత ఇండెక్స్ చెరిపేసి కొత్తది మొదలెడుతుంది. మీ ఫైళ్ళకేమీ కాదు. పుస్తకం వెనక పదసూచిక చింపి మళ్ళీ రాసుకున్నట్టే. సినిమాల ఫోల్డరు, వర్చువల్ మెషిన్ల ఫోల్డరు సెట్టింగ్స్‌లో మినహాయించండి.

అన్నీ సరిచేశాక మేష్టారు "లాకులు" అని వెతికారు. వ్యాసాలు కొన్ని వచ్చాయి, తొంభైల్లో రాసినవేవీ రాలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. నాకూ బాధేసింది. చూస్తే అవన్నీ అను ఫాంట్లలో డీటీపీ చేయించినవండి. తెర మీద తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. బాలూ నిజాయితీగా ఆ గజిబిజినే రాసిపెట్టుకుంది. స్కాన్ చేసిన పత్రికలైతే ఉత్త బొమ్మలే, బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ చేస్తే తప్ప వాటిలో వెతకడానికి మాటలుండవు. ఇది క్రాష్ కంటే పెద్ద నష్టమని నా నమ్మకం. క్రాష్ అయితే మెసేజ్ అన్నా వస్తుంది. ఇక్కడ ఏమీ దొరకదు, అసలు లేనేలేదనుకుని ఊరుకుంటాం. ఇప్పుడు వారానికి రెండేసి వ్యాసాలు యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా తెలుగే ఉండే పద్ధతిలోకి మారుస్తున్నాం. మేష్టారే ప్రూఫులు దిద్దుతున్నారు, ఒత్తు తప్పితే ఒప్పుకోరు.

సరేనండి, ల్యాప్‌టాప్‌లు తెరవండి. కరెంటు ప్లగ్గులు ఆ గోడవైపున్నాయి. ఎవరి మెషిన్లో మెసేజ్ వస్తోందో వాళ్ళు ముందుకి రండి, మొదట కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్ చూద్దాం.