డ్రిల్లు పీరియడ్‌లో చెప్పుల కాపలా

(ప్రపంచ హృదయ దినోత్సవం నాడు విశాఖపట్నంలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దలందరి పేర్లూ చెప్పుకుంటూ పోతే ఎండెక్కిపోతుంది. పైగా మీరంతా కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా నడిచొచ్చిన ఆకలి మీదున్నారు. వేదిక మీదవాళ్లు ఏమీ అనుకోకండి. సెప్టెంబరు 29 కదా, గుండె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఉప్పు తగ్గించండి, సిగరెట్ మానండి అని చెప్పడానికి డాక్టర్లున్నారు. నా గొడవ వేరు.

నాకు పుట్టుకతోనే గుండెజబ్బు. ఫాలో టెట్రాలజీ అంటారు. కింది గదుల మధ్య కంత, ఊపిరితిత్తులకి వెళ్లే దారి ఇరుకు, ఇంకో రెండు లోపాలు. ఏడిస్తే పెదాలు నీలంగా అయిపోయేవట. 1944లో అమెరికాలో బ్లాలాక్, టౌసిగ్, థామస్ కలిసి ఇలాంటి పిల్లలకి ఆపరేషన్‌తో మొదటి దారి చూపించారు. 1954లో లిల్లెహై అనే సర్జన్ ఏకంగా గుండె తెరిచి సరిచేశాడు. వాళ్ల పుణ్యమా అని ఏడో ఏట నాకూ ఆపరేషన్ అయింది, బతికి బట్టకట్టాను. ఇక కథ కంచికి అనుకున్నారు మావాళ్లు.

బడిలో డ్రిల్లు పీరియడ్ రాగానే మాస్టారు "ఆ గుంటని ఎండలోకి రానీకండర్రా, గుండె ఆపరేషన్ అయిన పిల్ల" అనేవారు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి అందరి చెప్పులకీ నన్ను కాపలా పెట్టేవారు. ఎవరి చెప్పుకి పిన్నీసు గుచ్చి ఉండేదో, ఎవరిది మడమ దగ్గర అరిగిపోయిందో ఇప్పటికీ చెప్పగలను. ఆయన చెడ్డవాడు కాదండీ, భయం. ఇంటికొస్తే మామ్మ, "ఒంట్లో రక్తం పట్టాలి" అని అనకాపల్లి బెల్లంతో నువ్వుండలు, అన్నంలో పేరిన నెయ్యి. పరిగెడితే తిట్లు, తింటే మెప్పు. బడి రోజులన్నీ అలాగే గడిచాయి.

ముప్పై అయిదు దాటగానే షుగరొచ్చింది. మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇందులో వింతేమీ లేదని తర్వాత తెలిసింది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని కండరాలు వాడుకుంటాయి. చిన్నప్పట్నుంచీ కూర్చోబెడితే కండ ఎక్కడ పెరుగుతుంది? కండ తగ్గి పొట్ట దగ్గర కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. డెన్మార్క్‌లో లెక్కలు తీస్తే, పుట్టు గుండెజబ్బుతో 30 దాటినవాళ్లకి షుగరు ముప్పు మిగతావాళ్ల కంటే సుమారు 1.4 రెట్లని తేలింది. నాలా నీలంగా పుట్టినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. అది డెన్మార్క్. మనవాళ్లకి సన్నగా ఉన్నా షుగరొస్తుంది, మీకు తెలిసిందే.

ఫాంటాన్ ఆపరేషన్ అయినవాళ్ల కష్టం ఇంకోరకం. 1968లో ఫ్రాన్స్‌లో మొదలైంది. గుండెకి పనికొచ్చే పంపు ఒక్కటే ఉంటే, చెడు రక్తాన్ని పంపు లేకుండా నేరుగా ఊపిరితిత్తులకి పంపిస్తారు. దాంతో సిరల్లో ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే. ఏళ్లు గడిచేకొద్దీ కాలేయం గట్టిపడుతుంది, కండ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. చాలామందికి కొలెస్ట్రాల్ తక్కువే ఉంటుంది. రిపోర్టు చూసి మురిసిపోకండి, అది కాలేయం దెబ్బతిన్న గుర్తు కూడా కావచ్చు.

ఇక నా అసలు బాధ. గుండె డాక్టరు దగ్గరికెళ్తే ఎకో, అంటే గుండె స్కాను తీసి, "ఎకో బావుందమ్మా, వెళ్లిరండి" అంటారు. షుగరు డాక్టరు దగ్గరికెళ్తే ఛాతీ మీద ఆపరేషన్ మచ్చ చూసి "మీ గుండె డాక్టర్నే అడగండి" అంటారు. ఆస్పత్రుల పేర్లు చెప్పను. నేనడిగిందల్లా, ఎంత వేగంగా నడవొచ్చు అని! బరువులెత్తొద్దు, అలసిపోవద్దు, మెట్లెక్కొద్దు. అన్నీ వద్దులే. చివరికి ఓ కుర్ర డాక్టరమ్మ ట్రెడ్‌మిల్ ఎక్కించి చూసి, రోజూ అరగంట, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం అని కాగితం మీద రాసిచ్చింది. ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది.

ఇక్కడ పీఈటీ మాస్టార్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి... అదిగో, ఇద్దరున్నారు. బాబూ, మిమ్మల్నే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అప్పుడు గుండె ఆపరేషన్లయిన పసిపిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్నారు. వాళ్ల వెనకాల వచ్చినవాళ్లు మీ బళ్లలోనే ఉన్నారు. చెట్టు కింద కూర్చోబెట్టేముందు, ఎంతవరకు ఆడొచ్చో డాక్టరు చేత రాయించుకు రమ్మనండి. కొందరికి నిజంగానే పరుగు పనికిరాదు, గుండె లయ తప్పేవాళ్లుంటారు. అందుకే కాగితం అడగమంటున్నాను. అమ్మలూ, మీరూ అడగండి. ఎకో చూపించి వచ్చేయకుండా షుగరు, బీపీ, నడుం చుట్టుకొలత కూడా చూడమనండి.

అన్నట్టు, గుమ్మం పక్కన బల్ల మీద టేపు, షుగరు మిషను పెట్టించాను. నడుం కొలత ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే పేరు రాయించుకోండి. ఛాతీ మీద మచ్చ ఉన్నవాళ్లు ముందు రండి, సిగ్గేం లేదు. పరగడుపునే చూడాలి, కాబట్టి ఇడ్లీలు ఆ తర్వాతే. కార్యదర్శి గారూ, ఆ గిన్నె మూత అప్పుడే తియ్యకండి.