కరెంటు పోయాక మొదలైన పాట

మిత్రులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం చూడబోయేది ‘సకామిచి నో అపోలోన్’. ఇంగ్లిష్‌లో ‘కిడ్స్ ఆన్ ద స్లోప్’. 2012లో జపాన్ టీవీలో వచ్చిన యానిమే, అంటే యానిమేషన్ సీరియల్, మొత్తం 12 ఎపిసోడ్లు. యూకి కొదామా గీసిన మాంగా, అంటే జపనీస్ కామిక్, దీనికి మూలం. దర్శకుడు షినిచిరో వతనాబే, సంగీతం యోకో కాన్నో. వీళ్లిద్దరూ ఇంతకుముందు కలిసి చేసిన ‘కౌబాయ్ బీబాప్’ సీరియల్ చూసినవాళ్లకు ఈ జోడీ గురించి నేను చెప్పక్కర్లేదు.

కథ 1966లో, క్యూషూ దీవిలోని ససెబో అనే రేవు పట్నంలో మొదలవుతుంది. అమెరికా నౌకాదళం అక్కడ మకాం వేసి అప్పటికే ఇరవై ఏళ్లు. నావికులు తాగే బార్లలో జాజ్ మోగుతూ ఉంటుంది. అందుకే ఆ ఊరి స్కూలు కుర్రాడికి అమెరికన్ జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ పేరు తెలియడం వింతేమీ కాదు. డ్రమ్స్ వాయించే సెంతారో అమెరికన్ తండ్రికీ జపనీస్ తల్లికీ పుట్టినవాడు. ఆ ఊరి చరిత్రంతా వాడి ముఖంలోనే ఉంటుంది.

అదే స్కూల్లో కొత్తగా చేరిన కవొరు సంగతి వేరు. కొత్త క్లాసులో నలుగురూ తనవైపు చూస్తే చాలు, టెన్షన్‌తో కడుపులో తిప్పేస్తుంది. మేడమీదికి పరిగెడతాడు. పియానో బాగా వచ్చు, కానీ నేర్చుకున్నది క్లాసికల్. రికార్డుల షాపు నేలమాళిగలో మొదటిసారి జాజ్ వాయిస్తే స్వరాలన్నీ సరిగ్గానే పడతాయి, ఊపు మాత్రం ఉండదు. జాజ్‌లో దాన్నే స్వింగ్ అంటారు. సమానంగా రాసి ఉన్న రెండు స్వరాల్లో మొదటిదాన్ని కాస్త సాగదీసి, రెండోదాన్ని ఆలస్యంగా వదలాలి. ఎంత సాగదీయాలో కాగితం మీద ఉండదు, పక్కవాడి డ్రమ్స్ వింటేనే తెలుస్తుంది. అప్పటిదాకా ఒంటరిగా బతికిన పిల్లవాడికి ఇదెంత కష్టమో ఆలోచించండి.

కవొరు, సెంతారో కలిసి మళ్లీ మళ్లీ వాయించే పాట ‘మోనిన్’. బాబీ టిమ్మన్స్ స్వరపరిస్తే, 1958లో బ్లేకీ బృందం రికార్డు చేసింది. పియానో ఒక చిన్న మాట అడుగుతుంది, మిగతావాళ్లు రెండు స్వరాల్లో జవాబిస్తారు. భజనలో ఒకరు అందిస్తే అందరూ అందుకుంటారే, అలాగన్నమాట. ఒక్కడే వాయిస్తే అడిగినదానికి బదులు రాదు.

ఏడో ఎపిసోడ్‌లో స్కూలు ఉత్సవం. ఇద్దరికీ అప్పటికి మాటల్లేవు. సెంతారో ఒక రాక్ బృందంలో చేరాడు, కవొరు దాన్ని మనసులో పెట్టుకున్నాడు. పాట మధ్యలో కరెంటు పోతుంది. గిటార్లు మూగబోతాయి, జనం లేచి వెళ్లిపోతుంటారు. పియానోకి కరెంటు అక్కర్లేదు కదా! కవొరు వెళ్లి మెల్లగా మొదలుపెడతాడు. సెంతారో కర్రలు అందుకుంటాడు. క్షమించమని ఎవరూ అడగరు, అసలు ఒక్క మాట కూడా మాట్లాడుకోరు. ‘మై ఫేవరిట్ థింగ్స్’ దగ్గర మొదలై ‘మోనిన్’ దగ్గరికి చేరేసరికి, స్కూల్లో ఎక్కడెక్కడి పిల్లలో పరిగెత్తుకొస్తుంటారు. ఆ కాసేపటి కోసం నేను ఈ ఎపిసోడ్‌ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

అందులో వాళ్ల చేతులు గమనించండి. తకాషి మత్సునాగా పియానో, షున్ ఇషివాకా డ్రమ్స్ నిజంగా వాయిస్తుంటే కెమెరాలతో తీసి, ఆ కదలికల్ని చూసి బొమ్మలు గీశారు. వినిపించే దెబ్బే కనిపిస్తుంది. ఒక దెబ్బ ముందు సెంతారో తలెత్తి కవొరు వైపు చూస్తాడు.

చివరి ఎపిసోడ్ గురించి ఇప్పుడేమీ చెప్పను. లైట్లు ఆపేద్దాం.