పన్నెండు నిమిషాలకో బండి

అందరికీ నమస్కారం అండి. ఈరోజు జపాన్‌లో ఒక కరెంటు రైలు గురించి చెప్తాను, నాకు ఎంతో ఇష్టమైన కథ ఇది. ఒసాకా, కోబె అని పక్కపక్కనే రెండు ఊళ్లు, ఒసాకా వ్యాపారానికి పెట్టింది పేరు, కోబె ఏమో రేవు పట్నం, మధ్యలో దూరం 30 కిలోమీటర్ల చిల్లర, అంటే మన బెజవాడ నుంచి గుంటూరు ఎంతో ఇంచుమించు అంతే అనుకోండి. ఆ రెండిటి మధ్యా 1874లోనే ప్రభుత్వం పొగబండి వేసేసింది. మరి ఇంకో రైలు ఎందుకు అంటే, పొగబండికి కావాల్సింది రెండు చివర్లే, సముద్రం ఒడ్డు పొడవునా సాకే సారా తయారుచేసే పాత ఊళ్లు బోలెడున్నాయి, వాటిలో చాలా వాటికి దగ్గర్లో స్టేషనే లేదు.

హాన్షిన్ అనే కంపెనీ అక్కడ కరెంటు రైలు వేస్తామంది. జపాన్ లిపిలో ఒకే అక్షరాన్ని వేరువేరుగా పలకొచ్చు, ఒసాకా పేరులో చివరి అక్షరాన్ని ఇంకోలా చదివితే హాన్, కోబె మొదటి అక్షరాన్ని ఇంకోలా చదివితే షిన్, అలా పేరులోనే రెండు ఊళ్లనీ కలిపేశారు. కానీ ప్రభుత్వ లైను పక్కనే ప్రైవేటు రైలుకి పర్మిషన్ ఇవ్వరు కదా, అందుకని వాళ్లు ట్రామ్‌ల చట్టం కింద అడిగారు. ట్రామ్ అంటే రోడ్డు మీద పోవాలి, వీళ్లదేమో కొంచెం దూరం మాత్రమే రోడ్డు మీద, మిగతాదంతా సొంత స్థలంలో వేసిన పట్టాల మీద. ఎక్కడో ఒకచోట రోడ్డు మీద ఉంటే చాలులే అని అధికారులు ఒప్పుకున్నారు, ఆ ఒక్క మాటతో దారి తెరుచుకుంది. అమెరికాలో చదువుకొచ్చిన మిసాకి షోజో అనే ఇంజినీరు, అక్కడ ఊరికీ ఊరికీ మధ్య తిరిగే కరెంటు బళ్ల పద్ధతినే ఇక్కడా పెట్టాడు. ప్రభుత్వ రైలు పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లయితే, వీళ్లు 1435 వేసుకున్నారు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

1905 ఏప్రిల్ 12న బండి మొదలైంది. ఆ చివర నుంచి ఈ చివరికి 90 నిమిషాలు, అంటే పొగబండి కంటే నెమ్మదే! అయినా జనం ఎక్కారు, ఎందుకంటే 12 నిమిషాలకో బండి, 30కి పైగా స్టేషన్లు. టైం చూసుకుని పరిగెత్తక్కర్లేదు, ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. నాకైతే ఈ కథంతటిలో గొప్ప విషయం ఇదే అనిపిస్తుంది, మనిషికి వేగం కంటే ముందు ఎదురుచూపు లేకపోవడం కావాలని వాళ్లు పట్టుకున్నారు చూడండి.

తర్వాత పోటీ వచ్చింది. కొబయాషి ఇచిజో అని ఒకప్పటి బ్యాంకు ఉద్యోగి, 1910లో ఒసాకా నుంచి కొండల వైపు ఒక చిన్న లైను నడిపాడు, అటు జనమే తక్కువ, మరి ఎవరెక్కుతారు? అందుకని లైను పక్కనే స్థలాలు కొని ఇళ్లు కట్టి, కొంత ముందు తీసుకుని మిగతాది పదేళ్లపాటు నెలనెలా కట్టమని అమ్మాడు. లైను చివర తకరజుకాలో ఈతకొలను పెడితే ఎవరూ రాలేదు, దానిమీద చెక్కలు పరిపించి నాటకశాల చేసి 1914లో ఆడపిల్లలతో పాటలూ నాటకాలూ మొదలెట్టాడు, ఆ బృందం ఇప్పటికీ ఉంది. 1920లో ఆయన కంపెనీ హాన్‌క్యూ కూడా ఒసాకా నుంచి కోబెకి లైను వేసింది. శుభ్రం, వేగం, సీట్లు ఖాళీ, చల్లగాలి, బయట చూడ్డానికి బాగుంటుంది అని ప్రకటన ఇచ్చారు.

1929లో ఒసాకా స్టేషన్ దగ్గరే పెద్ద షాపు కట్టాడు, పైన భోజనశాల. ఆర్థికమాంద్యం రోజులు కదా, కూర కొనలేనివాళ్లు ఉత్త అన్నం మాత్రం తీసుకుని బల్లమీదుండే సాస్ పోసుకుని తినేవాళ్లు. వాళ్లని పొమ్మనలేదు, ఉత్త అన్నం తినేవాళ్లు కూడా రండి అని బోర్డు పెట్టించాడు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుందండి.

హాన్షిన్ వాళ్లేమో ఎండిపోయిన నది పాయ కొని 1924లో బేస్‌బాల్ స్టేడియం కట్టారు, కోషియెన్ అని. మనకి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్లున్నట్టే వాళ్లకీ అరవై ఏళ్ల చక్రం ఉంది, అందులో మొదటి ఏడాది పేరు ఆ సంవత్సరానికి పడింది, అదే స్టేడియానికి పెట్టారు. ఇప్పటికీ హైస్కూల్ పిల్లల టోర్నమెంట్ అక్కడే.

1995 జనవరి 17 తెల్లవారుజామున భూకంపం వచ్చింది, 6,400 మందికి పైగా పోయారు. హాన్షిన్ బళ్ల షెడ్డు కూలింది, ఎత్తుమీద వేసిన పట్టాలు విరిగాయి. ముక్కముక్కగా బాగుచేసుకుంటూ వచ్చి జూన్ 12న హాన్‌క్యూ, జూన్ 26న హాన్షిన్ పూర్తిగా తిరిగాయి. ఇన్నేళ్లు పోటీపడ్డ ఈ రెండు కంపెనీలూ 2006లో ఒకే గొడుగు కిందకి వచ్చాయి.

ఇక ఆ 1435 సంగతి. ఒసాకాకి అటుపక్క నారా వెళ్లే ఇంకో కంపెనీ లైను కూడా అదే వెడల్పు. 2009 మార్చి 20న మధ్యలో తక్కువైన ముక్క పూర్తి చేశారు, అంతే, కోబెలో ఎక్కినవాళ్లు బండి మారకుండా నేరుగా నారాలో దిగుతున్నారు.