రాత ఆగిపోయిన చోట పోతన ఏం చూశాడు?

నమస్కారం. రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి కలం ఆగిపోయి, ఎంతసేపు కూర్చున్నా తర్వాతి వాక్యం తోచని స్థితి గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఆ మాట రాగానే మన తెలుగువాళ్లకు గుర్తుకు వచ్చే కథ ఒకటుంది.

15వ శతాబ్దపు కవి బమ్మెర పోతన భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రమోక్షం రాస్తున్నాడు. మొసలి నోట చిక్కిన ఏనుగు మొర పెట్టుకుంది, ఆ మొర వైకుంఠానికి చేరాలి. ‘అల వైకుంఠపురంబులో’ అని ఎత్తుకుని, ఆ మూల మేడ పక్కన అనేదాకా వచ్చిన పోతనకు ఆపైన ఏం రాయాలో తోచక గంటం పక్కనపెట్టి బయటికి వెళ్లాడని, ఆయన వచ్చేలోగా శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి పద్యం పూర్తిచేశాడని, ‘ఇందాక మీరే వచ్చి రాశారు కదా నాన్నగారూ’ అని కూతురు అందని పెద్దలు చెబుతారు. ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. అయినా రాసేవాడు ఎక్కడ ఆగిపోతాడో ఈ కథ అల్లినవాళ్లకు బాగా తెలుసునని నా నమ్మకం. పోతనకు భక్తీ కరువు కాలేదు, మాటలూ కరువు కాలేదు. ఆ మేడ పక్కన ఏముందో ఆయన కంటికి ఆనలేదు, అంతే.

పద్యం ఎలా పూర్తయిందో చూడండి. ముందు పురం, అందులో రాజనగరు, అందులో ఒక మూలనున్న మేడ, దాని పక్కన మందారవనం, వనం లోపల అమృత సరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంత శిల మీద కలువల పాన్పు, ఆ పాన్పు మీద లక్ష్మితో వినోదిస్తున్న హరి. కవి మన చెయ్యి పట్టుకుని ఒక్కొక్క గుమ్మమే దాటిస్తాడు.

‘సిరికిం జెప్పడు’ పద్యం నాకు ఇంకా ఆశ్చర్యం. స్వామి కంగారుగా బయలుదేరాడని చెప్పడానికి పోతన ఆయన చేయని పనులన్నీ వరుసగా చెప్పాడు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు అందుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవుల మీద పడిన జుట్టు సర్దుకోడు, చివరికి చేతిలో ఉన్న లక్ష్మి పైటచెంగు కూడా వదలడు. ఆ చెంగు దగ్గరికి వచ్చేసరికి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

రాత సాగనప్పుడు కాసేపు నడవమని, మంచి పుస్తకం చదవమని అందరూ చెబుతారు. అవి అలసటకు పనికొచ్చే మంచి సలహాలే. కానీ ఈమధ్య ఒక కథలో, అమ్ముడుపోయిన పుట్టింటిని చివరిసారి చూడడానికి వచ్చిన స్త్రీని గుమ్మం దగ్గర నిలబెట్టి నేను మూడు వారాలు ఆగిపోయాను. ఎన్ని నడకలు నడిచినా ఆమె లోపలికి రాలేదు. ఆమె దుఃఖాన్ని ఏ మాటలతో చెప్పాలా అని వెతుకుతున్నానే తప్ప, ఆ తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదని పోతన పద్యాలు మళ్లీ చదివినప్పుడే అర్థమైంది.

అప్పుడు కథ పక్కనపెట్టి, కాగితం మీద ఆ ఇంటి నక్షా గీశాను. పసుపు వెలిసిపోయిన గడప, ఎదురు గోడకు మేకు, ఆ మేకు కింద ఏళ్ల తరబడి క్యాలెండర్ వేలాడినంత మేర మాయని సున్నం కనిపించాయి. తర్వాత ఆమె ఏమేం చేయదో రాసుకున్నాను. లైటు వేయదు. చేతిసంచీ కింద పెట్టదు. ఎవరినీ పిలవదు. నాలుగో మాటగా, ఆమె చెప్పులు విడవదు అని నా చేత్తో నేను రాసుకున్నప్పుడు, ఆ ఇల్లు ఇక ఆమెది కాదన్న సంగతి నాకు మొదటిసారిగా తెలిసినట్టయింది.

కథ ఇంకా పూర్తి కాలేదు. ఆమె ఇప్పుడు వంటింటి దాకా వచ్చింది.