గుర్రం కాలి లిగమెంట్ దెబ్బ: మా గౌరికి ఏ వైద్యం పనిచేసింది, ఏది చేయలేదు

అందరికీ నమస్కారం అండి. గౌరి కాలికి ఏ మందు వాడారని చాలామంది అడుగుతున్నారు. మందు ఒక్కటే కాదండి, తొమ్మిది నెలలు పట్టింది. చేసినవన్నీ చెబుతాను.

ఇదిగో, ఇదే ఎడమ ముందుకాలు. మోకాలి కింద ఎముక వెనకాల ఇలా బొటనవేలితో నొక్కుకుంటూ దిగితే ముందు టెండన్లు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి, తగులుతాయి, వాటి లోపల ఎముకని అంటుకుని ఉన్న పీచు పట్టీయే సస్పెన్సరీ లిగమెంట్. కిందికొచ్చి రెండు పాయలవుతుంది. గుర్రం అడుగు వేసినప్పుడల్లా గిట్ట పైన కీలు నేలకి కుంగకుండా పట్టుకునేది ఇదే, అందుకే లోతు ఇసుకలో పరిగెత్తిస్తే దీనికి గండం. గౌరికి దెబ్బ తగిలింది అంతర్వేది బీచ్‌లోనే.

మొదటి రెండు మూడు రోజులు చల్లదనమే వైద్యం. మే నెలలో మా బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి, వాటితో లాభం లేదు. రొయ్యల లోడ్లకి ఐస్ ఇచ్చే ఫ్యాక్టరీ నుంచి నలగ్గొట్టిన ఐస్ గోనెసంచిలో తెచ్చి, లోతు బకెట్‌లో నీళ్ళు కలిపి, కాలు 20 నిమిషాలు ఉంచేవాళ్ళం, రోజుకి నాలుగైదుసార్లు. తర్వాత దూది మందంగా చుట్టి కట్టు. కట్టు ఒకేచోట తాడులా బిగిస్తే టెండన్ దెబ్బతింటుంది, అది జాగ్రత్త. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

వేడి వేడి చింతపండు పసుపు పట్టు వేయమన్నారు. కొత్త వాపు మీద వేడి వద్దండి. ఇక కడ్డీ కాల్చి వాతలు పెట్టడం మాత్రం దయచేసి చేయకండి, లోపలి లిగమెంట్ దానివల్ల అతుక్కోదు, మూగజీవానికి నరకం, అంతే.

నొప్పికి మెడికల్ షాపు నుంచి డైక్లోఫెనాక్ తెచ్చి మీరే పొడవకండి. పశువులకి వాడటం 2006 నుంచి మన దేశంలో నిషేధం, ఆ మందున్న కళేబరం తిని రాబందులు చచ్చిపోయాయి. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి వాడకుండా ఆపేశారు. డాక్టరుగారు రాసినదే, రాసినన్ని రోజులే. ఎక్కువైతే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మూడు వారాలకి కుంటు పోయింది. జ్యేష్ఠ మాసం, పెళ్ళిళ్ళు వరస, ఊరేగింపుకి తీసుకెళ్ళాను. ఇంటికొచ్చేసరికి కాలు మోపలేదు. నొప్పి తగ్గడం వేరు, పీచు అతుక్కోవడం వేరు అని ఆ రాత్రి దాని కాలు పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది.

అప్పుడు కాలికి అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించాం. మంచి లిగమెంట్ తెల్లగా, దువ్విన కొబ్బరిపీచులా గీతలు గీతలుగా కనపడుతుంది. గౌరిది మధ్యలో చింతగింజంత నల్ల మచ్చ. ముందే తీయించి ఉంటే ఆ ఊరేగింపుకి పంపేవాణ్ణే కాదు.

పీఆర్‌పీ చేయించాం. గౌరి రక్తమే తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని స్కాన్‌లో చూస్తూ సరిగ్గా ఆ మచ్చలోకి ఎక్కించారు. పనిచేసిందా? మచ్చ నిండింది, కానీ అది పీఆర్‌పీ వల్లే అని గట్టిగా చెప్పలేను, పరిశోధనల్లోనూ ఫలితాలు ఒకేలా లేవు. స్తోమత ఉంటే చేయించండి, అప్పు చేసి మాత్రం వద్దు. స్టెమ్ సెల్ ఇంకా ఖరీదు, మేము వెళ్ళలేదు. షాక్‌వేవ్, అంటే మెషీన్‌తో చర్మం పైనుంచి ధ్వని తరంగాల తాకిడి ఇవ్వడం, అది కూడా మేము చేయించలేదు, మామూలుగా రెండేసి వారాల తేడాతో మూడుసార్లు చేస్తారట. దాని తర్వాత కొన్ని రోజులు నొప్పి తెలియదు, బాగుందనుకుని పరిగెత్తిస్తే మళ్ళీ తెగుతుంది.

నా లెక్కలో అసలు మందు విశ్రాంతి, కొలిచిన నడక. ముందు పాకలోనే కట్టేసి ఉంచాం. తర్వాత గట్టి నేలమీద రోజుకి 5 నిమిషాలు, చేత్తో పట్టుకుని, వారం వారం కొంచెం పెంచుతూ. రెండు మూడు నెలలకోసారి స్కాన్ చూశాకే తర్వాతి మెట్టు. ఉలవలు బాగా తగ్గించి పచ్చిగడ్డి పెంచాం, పని లేకుండా ఉలవలు తింటే పాకలోనే ఎగిరి కాలు మళ్ళీ పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు సిమెంటు రోడ్డు మీద చిన్నగా పరిగెత్తిస్తాను, కాలు కాదు, తల చూడండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలమీద పడినప్పుడు తల పైకి లేస్తుంది. చూశారా, గౌరి తల ఎక్కడా ఎగరలేదు.