సాక్ష్యానికి ముందు రిపోర్టు

(గుంటూరులో ఒక సంఘ స్త్రీల కూడికలో రిటైరైన నర్సు చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అక్కలకు, చెల్లెళ్లకు, పాస్టరమ్మగారికి వందనాలు. ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆకుకూరలు తినండి, నడవండి అని నేను చెప్పక్కర్లేదు, అవి మీకు తెలిసినవే. ప్రార్థనతో జబ్బు నయమైపోయిందని మన మధ్య కొందరు షుగర్ మాత్రలు మానేస్తున్నారు, దాని గురించి మాట్లాడతాను. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

"మాత్రలు మానెయ్" అని మన సంఘంలో ఎవరూ పుల్పిట్ ఎక్కి చెప్పరు. ఆ మాట పక్కదారిన వస్తుంది. కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక అక్క చెయ్యి పట్టుకుని, "ఇంకా మందులమీదే ఆధారపడుతున్నావా అమ్మా?" అంటుంది. అంతే. ఆ రాత్రి మాత్ర వేసుకోవాలంటే దొంగతనం చేస్తున్నట్టు ఉంటుంది. షుగర్ మాత్రల స్ట్రిప్పు బియ్యం డబ్బాలో దాచుకుని, ఇంట్లో ఎవరూ చూడనప్పుడు మింగే ఆవిడ నాకు తెలుసు. ఆవిడ నయం, మింగుతోంది. మానేసినవాళ్లు మైకు దగ్గరికి వచ్చి, దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం చెబుతున్నారు.

మాత్ర మానిన రెండో వారంలో మనిషికి బాగానే ఉంటుంది. అబద్ధమేమీ కాదు. షుగర్ పెరిగినా చాలామందికి వెంటనే ఏమీ తెలియదు. కళ్లు, కిడ్నీలు, కాళ్ల నరాలు దెబ్బతినడానికి ఏళ్లు పడుతుంది. సాక్ష్యం రెండో వారంలో చెప్పేస్తాం, డయాలసిస్ ఎప్పుడో తర్వాత వస్తుంది. అప్పుడు ఆ మనిషిని మైకు దగ్గరికి ఎవరూ పిలవరు. "విశ్వాసం తగ్గింది" అని గొణుక్కుంటాం.

లూకా సువార్త 17వ అధ్యాయం తీయండి. పదిమంది కుష్ఠరోగులను యేసు ప్రభువు ఎక్కడికి పంపాడు? యాజకుల దగ్గరికి, చూపించుకుని రమ్మని. లేవీయకాండం ప్రకారం యాజకుడు చూడాలి, అనుమానముంటే ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ చూడాలి, ఆ తర్వాతే శుద్ధుడని చెప్పాలి. ప్రభువే పరీక్ష వద్దనలేదు, మనకెందుకు అంత తొందర? షుగర్ పోయిందని సాక్ష్యం చెప్పాలంటే ముందు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష రిపోర్టు పట్టుకు రమ్మని సంఘ పెద్దలను అడుగుతున్నాను. మందులు ఆపాలో తగ్గించాలో డాక్టరు చెబుతారు. చెప్పులు వేసుకునే చోట అది తేలదు.

ఇక ఉపవాస ప్రార్థన. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, మాట తడబడుతుంది. ఒక కూడికలో ఒకామెకు ఇలాగే అయితే, పరిశుద్ధాత్మ అభిషేకం దిగిందని చుట్టూ ఉన్నవాళ్లు ఇంకా గట్టిగా స్తుతించారు. ఆమెకు కావలసింది మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు. పావుగంటకు తేరుకోకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మాత్రలు వాడేవాళ్లు ఉపవాసానికి ముందు డాక్టరుతో మాట్లాడండి.

ఇన్సులిన్ తీసుకునే పిల్లల విషయంలో నేను బతిమాలను, గట్టిగానే చెబుతాను: ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఆపితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ల పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు. వాళ్ల తల్లులు ప్రార్థన చేయలేదంటారా?

మందు వాడటం అవిశ్వాసమైతే మన ఊళ్లో కుగ్లర్ ఆసుపత్రి ఎందుకుంది? అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ, డాక్టరు. బైబిలూ తెచ్చారు, స్టెతస్కోపూ తెచ్చారు. మన అమ్మమ్మలు ఆ రెండింటి మధ్య తగవు పెట్టలేదు.

వచ్చే ఉపవాస కూడికకు షుగర్ చూసే మెషీను నేను తెస్తాను. సూదికి భయపడేవాళ్లు నా పక్కన కూర్చోండి. మాత్రలు వాడేవాళ్లు వాటి పేర్లు కాగితం మీద రాసుకు రండి, లేకపోతే స్ట్రిప్పే తెచ్చేయండి. ఎవరైనా అడిగితే నేను తెమ్మన్నానని చెప్పండి.